సాకే సీసా మీద ఆల్కహాల్ శాతం ఎలా చదవాలి, గ్లాసులో ఎంత పడుతోందో ఎలా లెక్కగట్టాలి

బియ్యాన్ని పులియబెట్టి చేసే జపనీస్ మద్యం సాకే గురించి అడిగేవాళ్లు తిప్పి తిప్పి నాలుగు ప్రశ్నలే అడుగుతారు. ఇది వైన్ లాంటిదా, విస్కీ లాంటిదా? సీసా మీద 23 అని ఉంది, అంత ఘాటా? ‘డ్రై’ అని రాసి ఉంటే కిక్కు ఎక్కువనా? వేడి చేసుకుని తాగితే మత్తు తగ్గుతుందా?

మామూలు సాకేలో ఆల్కహాల్ 15–16 శాతం ఉంటుంది. అంటే బీరుకు మూడింతలు, వైన్ కంటే కాస్త ఎక్కువ, మన దగ్గర దొరికే విస్కీలో మూడో వంతుకు కొంచెం పైన. కానీ 5 శాతం సాకే ఉంది, 20 శాతం సాకే కూడా ఉంది. రెండూ ఒకే అరలో పక్కపక్కనే కనిపిస్తాయి. నాలుకతో తేల్చుకుందామంటే కుదరదు. పండ్ల వాసనతో చల్లగా ఉన్న 17 శాతం సాకే చాలామందికి వైన్ కన్నా తేలిగ్గా దిగిపోతుంది. కాబట్టి రుచిని పక్కనపెట్టి అంకెల మీద నడవాలి.

కావలసినవి

- సీసా. ముఖ్యంగా వెనక లేబుల్
- లేబుల్ జపనీస్‌లో ఉంటే కెమెరాతో అనువదించే ఫోన్
- మిల్లీలీటర్ల గీతలున్న కొలత కప్పు, లేదా వంటింటి డిజిటల్ తూకం
- ఫోన్‌లోని కాలిక్యులేటర్

లేబుల్ లేని సాకేని కొలవాలనుకునేవాళ్లకు మాత్రం హైడ్రోమీటరు (ద్రవంలో తేలుతూ దాని సాంద్రత చూపే పరికరం), థర్మామీటరు, ఇండక్షన్ స్టవ్ అదనంగా కావాలి. ఆ పని చివరి మెట్టులో ఉంది. చాలామందికి దాని అవసరమే రాదు.

1. ముందు అది సాకేనా కాదా చూడండి

జపాన్ మద్యం పన్ను చట్టం ప్రకారం సాకేలో, అంటే చట్టం ‘సెయిషు’ అని పిలిచే దానిలో, ఆల్కహాల్ 22 శాతానికి లోపే ఉండాలి. సీసా మీద ఆల్కహాల్ 25 అని కనిపిస్తే అది దాదాపుగా షోచు. షోచు బట్టీ పట్టిన సారా, సాకే పులియబెట్టి వడకట్టిన మద్యం. రెండిటి సీసాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. జపాన్‌కు కొత్తగా వెళ్లినవాళ్లు కన్వీనియన్స్ స్టోరులో ఎక్కువగా పొరపడేది ఇక్కడే. లేబుల్ మీద ‘సెయిషు’ లేదా ‘నిహొన్‌షు’ అనే మాట ఉందో లేదో ఫోన్‌తో చూసుకోండి.

నీగతలోని తమగవ షుజో అనే సంస్థ ‘ఎచిగో సమురాయ్’ పేరుతో 46 శాతం మద్యం అమ్ముతుంది. తయారీ సాకే పద్ధతిలోనే మొదలైనా 22 దాటింది కనుక చట్టం దాన్ని సాకేగా ఒప్పుకోదు, లిక్యూర్‌గా లెక్కిస్తుంది. ఆల్కహాల్ అంకె 22 గానీ అంతకు పైన గానీ ఉంటే అది సాకే కాదు.

కిరాణా అరల్లో దొరికే ‘ర్యోరిషు’ వంటకు వాడే సాకే. అందులో సుమారు 2–3 శాతం ఉప్పు కలిపి ఉంటుంది. చౌకగా ఉందని తాగడానికి కొనకండి.

2. ఆల్కహాల్ అంకె పట్టుకోండి

జపనీస్ లేబుల్ మీద ‘అరుకోరు బున్’ అనే మాట పక్కన ఒక సంఖ్య, దాని తర్వాత శాతం గుర్తు గానీ ‘దో’ అనే అక్షరం గానీ ఉంటుంది. 15 దో అంటే 15 శాతం, తేడా ఏమీ లేదు. 15 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర 100 మిల్లీలీటర్ల సాకేలో ఎన్ని మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉందో అది చెబుతుంది.

చాలా సీసాల మీద ఒక్క అంకె బదులు ‘15 దో పైన, 16 దో లోపు’ అని ఉంటుంది. లెక్కకు పై అంకె తీసుకోండి. తాగే విషయంలో తక్కువ అంచనా కన్నా ఎక్కువ అంచనాయే మేలు.

అమెరికాలో కొన్నప్పుడు ‘ప్రూఫ్’ అనే మాట ఎదురైతే సగం చేయండి. అక్కడి 30 ప్రూఫ్ అంటే 15 శాతం. మన దేశపు సీసాల మీద కనిపించే ‘25 యూపీ’ వేరే కొలత. అది పాత బ్రిటిష్ ప్రూఫ్ పద్ధతి, 42.8 శాతానికి సమానం. ఈ రెండు పద్ధతుల్ని కలిపి లెక్కేస్తే మొత్తం తప్పిపోతుంది. ఎక్కడ కొన్నా వాల్యూమ్ శాతమే చూడండి.

రెస్టారెంటులో సీసా కనిపించకపోతే ఇలా అడగండి: ‘అరుకోరు వా నాన్‌దో దెసు కా?’ ఎన్ని డిగ్రీలు అని అర్థం. సీసా తెచ్చి చూపిస్తారు.

3. ఆల్కహాల్ కాని అంకెల్ని పక్కకు తీయండి

సాకే లేబుల్ మీద అంకెలు చాలా ఉంటాయి. పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి కాబట్టి కాస్త నిదానంగా చూడండి.

సెయిమై బుఆయి: పాలిష్ పట్టాక బియ్యపు గింజ ఎంత మిగిలిందో చెప్పే శాతం. 60 అంటే 40 శాతం చెక్కేసి 60 శాతం ఉంచారని. ‘గింజో’ అనే రకానికి ఇది 60 లేదా అంతకంటే తక్కువ ఉండాలి, ‘దైగింజో’కు 50 లేదా తక్కువ. దీనికీ ఆల్కహాల్‌కూ ఏ సంబంధమూ లేదు. యమగుచి ప్రాంతపు దస్సాయ్ సీసాల మీద పెద్దగా కనిపించే 45, 39, 23 ఈ అంకెలే. ‘దస్సాయ్ 23’ అంటే 23 శాతం ఆల్కహాల్ అనుకునేవాళ్లు చాలామంది. సాకేకి చట్టం పెట్టిన గీత 22 అని గుర్తుంటే ఆ అనుమానం అక్కడికక్కడే తీరుతుంది. ఈ అంకె పక్కన కూడా శాతం గుర్తే ఉంటుంది గనుక, గుర్తును కాక ముందున్న మాటను చదవండి.

నిహొన్‌షు దో: పేరులో ‘దో’ ఉంది, ముందు ప్లస్ గానీ మైనస్ గానీ ఉంటుంది. ఇంగ్లిష్ లేబుళ్ల మీద ‘ఎస్.ఎం.వి.’ అని రాస్తారు. ఇది సాకే సాంద్రతను నీటితో పోల్చిన కొలత. చక్కెర ఎక్కువుంటే బరువెక్కి మైనస్ వైపు, తక్కువుంటే ప్లస్ వైపు పోతుంది. ప్లస్ 10 అంటే తీపి తక్కువ అని మాత్రమే, కిక్కు ఎక్కువ అని కాదు. ప్లస్ 10 ఉన్న 15 శాతం సాకే ఉంటుంది, మైనస్ 3 ఉన్న 18 శాతం గెన్షు (వడకట్టాక నీళ్లు కలపని సాకే) ఉంటుంది. డ్రై సాకే గొంతులో గరగరలాడినంత మాత్రాన అందులో ఆల్కహాల్ ఎక్కువని అనుకోవద్దు. తీపి లేకపోతే ఉన్న ఘాటే బయటపడుతుంది, అంతే.

సాన్‌దో: ఆమ్లత. 1.2, 1.5 లాంటి చిన్న అంకె. వదిలేయండి.

180, 300, 720, 1800: సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు ఉందో చెబుతాయి. వీటితో 5, 6 మెట్లలో పని ఉంది.

4. సాకే రకంతో అంకెను సరిపోల్చండి

మీరు పట్టుకున్న అంకె సరైనదేనా అని తేల్చుకోవడానికి ఇది అడ్డతనిఖీ.

- తీపి స్పార్క్‌లింగ్ రకాలు: ఎక్కువగా 5–8 శాతం. తకర సంస్థ వారి ‘మియో’ 5 శాతం. అయితే షాంపేన్ పద్ధతిలో సీసాలోనే పులిసే స్పార్క్‌లింగ్ 12 శాతం దాటవచ్చు. బుడగలున్నాయి కదా అని తేలిక అనుకోకండి.
- తక్కువ ఆల్కహాల్ రకాలు: 12–14 శాతం.
- మామూలువి, అంటే జున్మై (విడిగా ఆల్కహాల్ కలపనిది), హొంజోజో, గింజో, దైగింజో: 15–16 శాతం.
- గెన్షు: 17–20 శాతం.

సాకే తొట్టిలో అన్నంలోని పిండిని కోజి అనే బూజు చక్కెరగా మారుస్తుండగానే, అదే తొట్టిలో ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. చక్కెర ఒక్కసారిగా మీద పడకుండా కొంచెం కొంచెంగా అందడం వల్ల ఈస్ట్ చాలాకాలం బతికి, బట్టీ పెట్టకుండానే ఆల్కహాల్‌ను 20 శాతం దగ్గరికి తీసుకెళ్తుంది. పులియబెట్టిన మద్యాల్లో ఇది అరుదైన సామర్థ్యం. వడకట్టాక నీళ్లు కలిపి 15–16కు దించుతారు. ఆ నీళ్లు కలపనిదే గెన్షు. ఆల్కహాల్ ఒక శాతం కూడా తగ్గనంత స్వల్పంగా కలిపితే దాన్ని గెన్షు అనడానికి నిబంధన ఒప్పుకుంటుంది.

ఈ మధ్య 13–14 శాతానికే పులియడం ఆపి, నీళ్లు కలపకుండా సీసాకెత్తిన గెన్షులు కూడా వస్తున్నాయి. గెన్షు అనే మాట కనిపించగానే 18 అని రాసుకోకుండా లేబుల్ చూడండి.

హొంజోజోలో విడిగా ఆల్కహాల్ కలుపుతారు కాబట్టి అది ఎక్కువ ఘాటు అనే మాట తప్పు. వాడిన బియ్యం బరువులో 10 శాతానికి మించకుండా, వడకట్టే ముందు కలుపుతారు. వాసన, తేలికదనం కోసం చేసే పని అది. ఆ తర్వాత నీళ్లతో జున్మై స్థాయికే దించుతారు. అలాగే ‘నమ’ అంటే పాశ్చరైజ్ చేయనిది, ‘నిగోరి’ అంటే తెల్లటి మడ్డితో ఉన్నది. ఈ రెండు మాటలూ ఆల్కహాల్ గురించి ఏమీ చెప్పవు.

5. మీ గ్లాసు ఎంత పడుతుందో కొలవండి

లేబుల్ చదివినవాళ్లు కూడా ఈ మెట్టు దాటేస్తారు. ‘రెండు కప్పులే తాగాను’ అన్న మాటకు కప్పు సైజు తెలియకపోతే అర్థం లేదు.

జపాన్‌లో లెక్కకు మూలం ‘గో’, అంటే 180 మిల్లీలీటర్లు. మనవాళ్లకు ఇది సులువుగా గుర్తుండాలి, ఎందుకంటే మన క్వార్టర్ కూడా 180 మిల్లీలీటర్లే. 720 సీసాలో నాలుగు గోలు, 1.8 లీటర్ల పెద్ద సీసాలో పది గోలు. 1964లో వచ్చిన ‘వన్ కప్ ఓజెకి’ గాజు కప్పు సరిగ్గా ఒక గో. చెక్కతో చేసిన చదరపు ‘మాసు’ కూడా సంప్రదాయంగా ఒక గోనే.

చిన్న పింగాణీ కప్పు ‘ఒచోకో’ మాత్రం సైజును బట్టి 30 నుంచి 60 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. మీ దగ్గరున్నది ఎంతో ఇలా తేల్చండి: ఖాళీ కప్పును తూకం మీద పెట్టి సున్నా చేయండి, మీరు మామూలుగా పోసుకునేంత ఎత్తుకు నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములొస్తే అన్ని మిల్లీలీటర్లు. సాకే సాంద్రత నీటికి చాలా దగ్గర కనుక ఈ లెక్క సరిపోతుంది.

ఇజకాయాలో, అంటే జపాన్ పద్ధతి బారులో, గ్లాసును మాసులో పెట్టి పొంగేదాకా పోస్తారు. అప్పుడు గ్లాసులోదీ మాసులోకి కారినదీ కలిపి లెక్కేయాలి. మెనూలో ఒక గో అని రాసిన తొక్కురిలో (సాకే వడ్డించే చిన్న కూజాలో) కూడా ఒక్కోచోట 180 కన్నా తక్కువే పడుతుంది. ఇంకో ఇబ్బంది, జపాన్‌లో ఎవరి కప్పు వాళ్లు నింపుకోరు, పక్కవాళ్లు నింపుతారు. సగం ఖాళీ అయిన కప్పును మళ్లీ మళ్లీ నింపుతుంటే కప్పుల లెక్క పనికిరాదు. అలాంటిచోట కప్పులు కాకుండా తొక్కురులు లెక్కపెట్టి, మనుషుల సంఖ్యతో భాగించండి. ఇక చాలు అనుకుంటే కప్పు నిండుగానే వదిలేయండి, ఎవరూ పోయరు.

6. గ్రాముల్లోకి మార్చండి

మిల్లీలీటర్లు × శాతం ÷ 100 × 0.8 = శుద్ధ ఆల్కహాల్ గ్రాములు

0.8 ఎందుకంటే ఒక మిల్లీలీటరు ఆల్కహాల్ బరువు సుమారు 0.8 గ్రాములు. దీన్ని మర్చిపోతే జవాబు పాతిక శాతం ఎక్కువ వస్తుంది.

- 15 శాతం సాకే, 45 మి.లీ. ఒచోకో: 5.4 గ్రాములు
- 15 శాతం సాకే, ఒక గో: 21.6 గ్రాములు
- 18 శాతం గెన్షు, ఒక గో: 25.9 గ్రాములు
- 5 శాతం స్పార్క్‌లింగ్, 300 మి.లీ. సీసా: 12 గ్రాములు
- 15 శాతం సాకే, 720 మి.లీ. సీసా మొత్తం: 86.4 గ్రాములు

పోల్చుకోవడానికి: 42.8 శాతం విస్కీ 60 మి.లీ. పెగ్గులో 20.5 గ్రాములు, 5 శాతం బీరు 650 మి.లీ. సీసాలో 26 గ్రాములు, 12.5 శాతం వైన్ 150 మి.లీ. గ్లాసులో 15 గ్రాములు. అంటే ఒక గో సాకే దాదాపు ఒక పెద్ద పెగ్గు. సాకేని క్వార్టర్‌తో పోల్చి ‘అదే సైజు కదా’ అనుకోవడం ఒక తప్పయితే (విస్కీ క్వార్టర్‌లో 61 గ్రాములకు పైనే ఉంటుంది), ‘బియ్యంతో చేసింది, బీరు లాంటిదే’ అని బీరు గ్లాసుల్లో పోసుకోవడం అంతకంటే ప్రమాదకరమైన తప్పు. 350 మి.లీ. గ్లాసు నిండా 15 శాతం సాకే అంటే 42 గ్రాములు.

ఈ గ్రాములు దేనితో పోల్చాలి? జపాన్ ఆరోగ్య శాఖ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు మగవాళ్లు 40 గ్రాములు, ఆడవాళ్లు 20 గ్రాములు లేదా అంతకు మించితే జీవనశైలి జబ్బుల ముప్పు పెరుగుతుందని ఉంది. అది ముప్పు గీతే కానీ, అంతవరకు తాగొచ్చన్న అనుమతి కాదు. ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. గర్భిణులు, లివరు జబ్బులున్నవాళ్లు, మద్యం పడని మందులు వాడుతున్నవాళ్లు ఈ లెక్క వేసుకోనక్కర్లేదు, వాళ్లు అసలు తాగకూడదు.

బండి విషయం. గంటకు సుమారు 5 గ్రాములు ఒంట్లోంచి పోతాయని లెక్కేసుకుంటే ఒక గోకు నాలుగు గంటల పైనే పడుతుంది. ఆడవాళ్లకు, వయసు పైబడినవాళ్లకు ఇంకా ఎక్కువ. రాత్రి మూడు గోలు తాగి పడుకుంటే తెల్లారేసరికి దిగదు. జపాన్‌లో ఉంటున్న మనవాళ్లు ఒక మార్పు గమనించాలి. 2024 నవంబరు 1 నుంచి, శ్వాసలో లీటరుకు 0.15 మిల్లీగ్రాములు లేదా ఎక్కువ ఆల్కహాల్‌తో సైకిల్ నడిపినా శిక్షే. ‘కారు కాదు కదా, సైకిలే కదా’ అనే రోజులు పోయాయి.

7. నీళ్లు, ఐసు కలిపితే

కొత్త శాతం = సాకే మి.లీ. × శాతం ÷ (సాకే + నీళ్లు)

18 శాతం గెన్షు 180 మి.లీ.ను 15కు దించాలంటే 36 మి.లీ. నీళ్లు చాలు. 60 మి.లీ. గెన్షులో 20 గ్రాముల ఐసు కరిగితే 13.5 శాతం అవుతుంది. ఐసు వేసిన క్షణంలో కాదు, కరిగిన మేరకే తగ్గుతుందని గుర్తుంచుకోండి.

శాతం తగ్గినా గ్రాములు తగ్గవు. 180 మి.లీ. గెన్షులో ఎన్ని నీళ్లు కలిపినా, మొత్తం తాగితే లోపలికి పోయేది అదే 25.9 గ్రాములు. కలపడం వల్ల లాభం నెమ్మదిగా తాగడమే. కలపడం ఇష్టం లేకపోతే జపనీయులు చేసినట్టు పక్కన ‘యవరగి మిజు’, అంటే మంచినీళ్ల గ్లాసు పెట్టుకుని, సాకే ఎంత తాగితే కనీసం అన్ని నీళ్లు తాగండి. 15 శాతం దైగింజోలో నీళ్లు పోస్తే రుచి పలచబడి పాడవుతుంది, దానికి ఈ పద్ధతే నయం.

8. వేడి చేస్తే

గోరువెచ్చని ‘నురుకాన్’ 40 డిగ్రీలు, వేడి ‘అత్సుకాన్’ 50 డిగ్రీలు. ఆల్కహాల్ మరిగేది 78 డిగ్రీల దగ్గర. తొక్కురిని వేడినీళ్లలో నిలబెట్టి రెండు మూడు నిమిషాలు ఉంచితే ఎగిరిపోయే ఆల్కహాల్ లెక్కలోకి రానంత స్వల్పం. కప్పును ముక్కు దగ్గరికి తేగానే ఘాటుగా తగిలేది ఆవిరి. అది చూసి కొందరు మత్తు తగ్గిందంటారు, కొందరు పెరిగిందంటారు. శాతం మాత్రం అదే.

తొక్కురిని నేరుగా మంట మీద పెట్టకండి. మరిగితే ఆల్కహాల్, వాసన రెండూ పోతాయి, ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంటుంది.

9. లేబుల్ లేకపోతే: హైడ్రోమీటరుతో కొలవడం

ఆన్‌లైన్‌లో దొరికే ఆల్కహాల్ మీటరును నేరుగా సాకేలో ముంచి, శాతం రావడం లేదని అడిగేవాళ్లు ఎందరో. రాదు. ఆ పరికరం నీళ్లు, ఆల్కహాల్ మాత్రమే ఉన్న ద్రవానికి పనికొస్తుంది. సాకేలో చక్కెర కూడా ఉంది. అది సాంద్రతను పైకి నెడితే ఆల్కహాల్ కిందికి లాగుతుంది, రెండూ దాదాపు కొట్టుకుపోతాయి. అందుకే ఆల్కహాల్‌ను తీసేసి, ముందు, తర్వాత కొలవాలి.

క. 0.990 నుంచి 1.020 దాకా, 0.001 గీతలున్న హైడ్రోమీటరు తీసుకోండి. నిగోరి అయితే కాఫీ ఫిల్టరుతో వడకట్టండి, స్పార్క్‌లింగ్ అయితే బుడగలు పోయేదాకా రెండు గ్లాసుల మధ్య తిరగపోయండి. బుడగ హైడ్రోమీటరుకు అంటుకుంటే అది పైకి తేలి అబద్ధం చెబుతుంది.

చ. సరిగ్గా 200 మి.లీ. సాకేని 20 డిగ్రీలకు తెచ్చి రీడింగ్ రాసుకోండి. (హైడ్రోమీటరు మీద వేరే ఉష్ణోగ్రత అచ్చు వేసి ఉంటే దానికి.)

ట. కిటికీలు తెరిచి, ఇండక్షన్ స్టవ్ మీద సగం అయ్యేదాకా మరగనివ్వండి. గ్యాస్ మంట వద్దు, ఆవిరి అంటుకుంటుంది. ఆ ఆవిరిని పట్టి చల్లార్చే ప్రయత్నం అసలే వద్దు. లైసెన్సు లేకుండా బట్టీ పట్టడం ఇక్కడా, జపాన్‌లోనూ నేరం.

త. చల్లార్చి, డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ సరిగ్గా 200 మి.లీ. చేయండి. అదే ఉష్ణోగ్రతలో మళ్లీ కొలవండి.

ప. రెండో రీడింగ్ లోంచి మొదటిది తీసేయండి. తేడాను 1.000 లోంచి తీసేయండి. 0.984 దగ్గర వస్తే సుమారు 12 శాతం, 0.981 అయితే 15, 0.977 అయితే 18. ఉదాహరణకు ముందు 0.998, తర్వాత 1.017 వస్తే తేడా 0.019, మిగిలేది 0.981. అంటే 15 శాతం.

0.001 తప్పు చదివినా జవాబు దాదాపు 0.8 శాతం మారిపోతుంది. అందుకని ఇంట్లో చేసే ఈ కొలతను ఒక శాతం అటూ ఇటూగానే నమ్మండి. పద్ధతి మీద అనుమానముంటే మొదట ఉత్త నీళ్లతో మొత్తం చేసి చూడండి, రెండు రీడింగులూ 1.000 రావాలి. తర్వాత లేబుల్ మీద 15 ఉన్న సీసాతో చేయండి. 12 వచ్చిందంటే సరిపడా మరిగించలేదు, ఆల్కహాల్ ఇంకా మిగిలి ఉంది. 22 దాటిందంటే తిరిగి 200 మి.లీ.కు నింపేటప్పుడు నీళ్లు తక్కువ పోశారు, లేదా చల్లారకముందే నింపారు. నీళ్లు తగ్గితే మిగిలిన ద్రవం చిక్కగా ఉండి రెండో రీడింగ్ పెరుగుతుంది. కొత్తగా 200 మి.లీ. తీసుకుని ‘చ’ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.